చెమట చేతిలో విల్లు

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు, రికర్వ్ విల్లుతో (కొసలు ముందుకు వంగి ఉండే రకం) విలువిద్య నేర్చుకుంటోంది. అరచేతులకు చెమట ఎక్కువ. ఈ కత్తిరి ఎండల్లో పది బాణాలు వేసేసరికి ప్లాస్టిక్ గ్రిప్ జారిపోతోందంటుంది. రబ్బరు టేపు చుట్టించమని కొందరు చెబుతున్నారు. చుట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: రబ్బరు టేపు వద్దండి. తీగ లాగినప్పుడు విల్లు తనంతట తానే అరచేతికి ఒత్తుకుంటుంది. 24 పౌండ్ల లాగుడుకు అది దాదాపు 11 కిలోల ఒత్తిడి. అప్పుడు జారడం తక్కువే. బాణం వదిలాక విల్లు కింద పడుతుందేమోనన్న బెరుకుతో వేళ్లు బిగుసుకుంటాయి. బిగిసిన చెయ్యి విల్లును పక్కకు తిప్పేస్తుంది, బాణాలు కుడి ఎడమలకు చెదురుతాయి.

కాబట్టి ముందు ఫింగర్ స్లింగ్, అంటే వదిలాక విల్లు పడిపోకుండా వేళ్లకు తగిలించే తాడు కట్టించండి. అర మీటరు బూటు లేసు చాలు. రెండు కొసలకూ ఉచ్చులు వేసి ఒకటి బొటనవేలికి, ఇంకొకటి చూపుడువేలికి తగిలించి, లేసు విల్లు ముందునుంచి పోయేలా చూడాలి. వదిలాక విల్లు రెండు వేళ్ల మందం ముందుకు కదిలేంత వదులు ఉండాలి. పోటీల్లోనూ దీనికి అనుమతి ఉంది.

ఇక గ్రిప్ సంగతి. స్క్రూ విప్పి గ్రిప్‌ను ఊడదీసి, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి ఆరబెట్టండి. అరచేయి ఆనే చోట మాత్రం 150 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్దండి. గట్టిగా అరగదీస్తే ఆకారమే మారిపోతుంది, చెయ్యి కుదిరే చోటు తప్పుతుంది. చాలామందికి ఇంతటితోనే సరిపోతుంది.

చాలకపోతే బ్యాడ్మింటన్ రాకెట్ల పిడికి చుట్టే పట్టీ, ఓవర్‌గ్రిప్, ఒక్క పొర చుట్టండి. అతుక్కునే రకం కాదు, చెమట పీల్చే పొడి (డ్రై) రకం అడగండి. అతుక్కునే దానిపై చెయ్యి మొదట ఎక్కడ పడితే అక్కడే ఉండిపోతుంది. సర్దుకుని సరైన చోటికి రాదు. రబ్బరు టేపు వద్దన్నదీ అందుకే. ఓవర్‌గ్రిప్‌ను కిందనుంచి పైకి సాగదీస్తూ చుట్టాలి. అంచు మీద అంచు రెండు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు, బొటనవేలి మొదలు ఆనే చోట మడత రాకూడదు. బాణం ఆనే చోటుకు బాగా కిందే ఆపేసి, కొసను కరెంటు టేపుతో బిగించండి. రెండో పొర వేస్తే ఒత్తిడి పడే చోటు జరుగుతుంది, గురి చూసే సైట్‌ను మళ్లీ సరిచేసుకోవాల్సి వస్తుంది. ఒక్క పొరకైనా ముందు దగ్గరి దూరంలో సరిచూసుకోవడం మేలు. మెరుపెక్కి నున్నబడగానే మార్చేయండి.

టవల్ గ్రిప్ అస్సలు వద్దు, తడిసి మెత్తబడుతుంది. చాక్ పొడి బెంగళూరు పొడిగాలిలో బాగానే పనిచేస్తుంది గానీ, చెన్నై ఉక్కలో ముద్దయిపోతుంది. వాడాలనుకుంటే చెయ్యి తుడుచుకున్నాకే, అదీ శనగగింజంత. చెమట మరీ ఎక్కువైతే చర్మవైద్యుడికి చూపించండి. రాత్రిళ్లు తడిలేని చేతులకు రాసుకునే అల్యూమినియం క్లోరైడ్ మందులున్నాయి.

ప్రశ్న: చెక్క గ్రిప్‌కూ ఇదే పద్ధతా?

జవాబు: ఉప్పుకాగితం 220 నంబరుది వాడండి, మెరుపు మాత్రమే తియ్యండి. వార్నిష్ మొత్తం పోతే చెక్క చెమట తాగి ఉబ్బుతుంది. స్పిరిట్‌తో మాత్రం తుడవకండి. లక్క పాలిష్ అయితే కరిగి జిగటగా చేతికంటుకుంటుంది.