కుక్కపిల్ల రాకముందు కొనవలసినవి కొద్దే

వచ్చే వారం వేలచేరిలోని మీ ఫ్లాటుకు రెండు నెలల లాబ్రడార్ పిల్ల రాబోతోందని, పెంపుడు జంతువుల దుకాణంవారు 23 వస్తువుల జాబితా రాసిచ్చారని, వాటిలో నిజంగా అవసరమైనవి ఏవో చెప్పమని అడిగారు. ఆరేళ్ల కిందట మేము పెరంబూరులో ఉన్నప్పుడు ఒక వీధి కుక్కపిల్లను తెచ్చుకుని, గవ్వ అని పేరు పెట్టుకున్నాం. అది రాకముందే ఇలాంటి జాబితా పట్టుకుని నేను కొన్న సామానులో సగం ఇప్పటికీ మా అటక మీదే ఉంది. అందుచేత, పిల్ల వచ్చేనాటికి తప్పనిసరైన కొద్ది వస్తువులు మాత్రం ఉంచుకుని, మిగిలిన డబ్బు పశువైద్యుడి కోసం పక్కన పెట్టమన్నదే నా సలహా.

నేను చేసిన మొదటి పొరపాటు పరుపు. అంచులున్న, మెత్తటి స్పాంజి పరుపును రెండు వేలకు పైగా పెట్టి కొంటే, గవ్వ దాన్ని ఒకసారి వాసన చూసి, స్నానాలగది గుమ్మం దగ్గర చల్లటి గచ్చు మీదికి వెళ్లి పడుకుంది. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడం వల్ల, చల్లటి నేలకు పొట్ట ఆనించడం వల్ల అది వేడిని తగ్గించుకుంటుంది. రెండు పొరల బొచ్చుండే లాబ్రడార్‌కు చెన్నై ఉక్కపోతలో స్పాంజి పరుపు సుఖం కాదు. రెండు పాత నూలు చీరలను నాలుగు మడతలుగా కుట్టి, ఉతికి ఆరవేయడానికి వీలుగా రెండు బొంతలు చేసుకుంటే చాలు. ఏసీ గదిలో పడుకోబెట్టేటట్లయితే మాత్రం అంత చిన్న పిల్ల కింద ఒక బొంత తప్పక ఉండాలి.

ఆ పరుపు కథ అక్కడితో ముగియలేదు. కొన్ని నెలల తరువాత దాని కుట్ల మధ్య పిడుదులు గుంపులుగా కనిపించాయి. అప్పటికే గవ్వ రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు. కర్తరి రోజులు గనుక ఎండ దెబ్బేమో అనుకుని మజ్జిగ పడుతూ కూర్చున్నాను. మూడో రోజు చిగుళ్లు పాలిపోయి కనిపించడంతో ఆసుపత్రికి తీసుకువెళితే, రక్తపరీక్ష చేసి, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని, ఇది పిడుదుల వల్ల వచ్చే జ్వరమని చెప్పారు. డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు వాడిన తరువాత గాని అది మామూలు మనిషి కాలేదు (మా ఇంట్లో దాన్ని మనిషి కిందే లెక్క). ఇళ్లలో కనిపించే ఈ గోధుమరంగు పిడుదు తన జీవితచక్రమంతా ఇంట్లోనే పూర్తి చేసుకోగలదు. ఆడపిడుదు రక్తం తాగి, కుక్క ఒంటి మీద నుంచి దిగి, గోడ పగుళ్లలోను తలుపు చట్రాల సందుల్లోను వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందువల్ల కుక్కకు ఎన్నిసార్లు స్నానం చేయించినా లాభం ఉండదు, ఇంటిని కూడా శుభ్రం చేయాలి. పైగా మన ఊళ్లో పిడుదులను ఆపేంత చలి ఏ నెలలోనూ ఉండదు కాబట్టి, నివారణ మందు ఏడాది పొడవునా సాగవలసిందే. చర్మం మీద వేసే చుక్కలా, నమిలే మాత్రా అన్నది పిల్ల వయసును, బరువును చూసి వైద్యుడు నిర్ణయించవలసిన విషయం. దుకాణంలో వారి మాట మీద కొనకండి. మీ ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పండి, ఎందుకంటే కుక్కల మందుల్లో కొన్నింటిలో ఉండే పర్మెత్రిన్ పిల్లుల ప్రాణం తీస్తుంది. ఇక కొనవలసింది సన్నటి మొనలున్న పట్టకారు ఒకటి: పిడుదును చర్మానికి ఆనుకుని పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం మా వీధిలో చాలామంది చేస్తారు గాని, మీరు ఆ పని చేయకండి.

తిండికీ నీళ్లకూ అడుగు బరువుగా ఉన్న రెండు స్టీలు గిన్నెలు సరిపోతాయి; ప్లాస్టిక్ గిన్నెలను పళ్లొచ్చే పిల్ల కొరికి ముక్కలు చేస్తుంది. మా అత్తగారు గవ్వ గిన్నె వంటింటి గిన్నెలతో కలిసిపోతుందన్న భయంతో గిన్నెల కొట్టుకు వెళ్లి దాని మీద గవ్వ అని పేరు చెక్కించి తెచ్చారు. నవ్వుకున్నాం గాని, ఆరేళ్లలో ఆ గిన్నె ఒక్కసారి కూడా తారుమారు కాలేదు. వేసవిలో నీళ్ల కోసం మాత్రం ఒక మట్టి మూకుడు విడిగా పెట్టండి.

మెడపట్టీ వెంటనే కావాలి, బయట నడిపించే తాడుకు తొందర లేదు. టీకాల వరస పూర్తయ్యేదాకా పిల్లను వీధిలో నడిపించకూడదు. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉండగలదు, వీధి కుక్కలు తిరిగే చోట అది ఎక్కడ ఉందో కంటికి కనబడదు. ఈలోగా పట్టీని ఇంట్లోనే అలవాటు చేయండి. పట్టీకి మెడకు మధ్య రెండు వేళ్లు దూరేంత సందు ఉండాలి, లాబ్రడార్ పిల్ల త్వరగా పెరుగుతుంది కనుక వారానికొకసారి చూసుకోవాలి. ఖరీదైన తోలు పట్టీ ఇప్పుడు కొంటే రెండు నెలల్లో పనికిరాకుండా పోతుంది. పట్టీకి మీ ఫోను నంబరు చెక్కిన బిళ్ల తగిలించండి; దీపావళి టపాకాయల మోతకు బెదిరి గేటు దాటి పరుగెత్తే కుక్కలను ఏటా చూస్తున్నాం. నడక మొదలైనప్పుడు ఐదారు అడుగుల గట్టి నూలు తాడు, ఛాతీకి వేసే హార్నెస్ తీసుకోండి. మీట నొక్కితే సాగే తాడు మన ఆటోల మధ్య నాకు నచ్చదు, ఎండకు కాలే ఇనుప గొలుసు అసలే వద్దు. మూడు నెలలు నిండాక వేసే రేబిస్ టీకా ధ్రువపత్రాన్ని జాగ్రత్త చేయండి, కార్పొరేషన్ లైసెన్సుకు అది కావాలి, ఆ లైసెన్సు చెన్నైలో తప్పనిసరి.

తిండి విషయంలో, పిల్ల ఇప్పుడు ఏది తింటోందో అదే ఒక చిన్న సంచి కొని, మార్చదలచుకుంటే వారం పది రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. వానాకాలపు తేమకు గింజలు బూజు పట్టకుండా బిగుతైన మూత ఉన్న డబ్బా కావాలి. సాంబారన్నం పెట్టే అలవాటు ఉంటే మానేయండి, ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి; పాయసంలోని కిస్మిస్, పిల్లలు తినే చాక్లెట్ కూడా ప్రమాదమే. జ్వరంగా ఉందని మన మాత్రలు ఎప్పుడూ వేయకండి.

నాలుగో నెల నుంచి పాలపళ్లు 28 రాలి, వాటి స్థానంలో 42 పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో చెప్పులు బతకవు. గట్టి రబ్బరు బొమ్మ ఒకటి, ముడులు వేసి తడిపి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డ ఒకటి ఉంటే చాలు. ఉడికించిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. నేలను తుడవడానికి ఘాటైన ఫినాయిల్ వాడితే పిల్ల పాదాలు నాకినప్పుడు అది కడుపులోకి పోతుంది, కాబట్టి మూత్రపు వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ ద్రావణం ఒక సీసా కొనండి. దుస్తులు, సెంట్లు, మూడు రకాల షాంపూలు, మనుషుల టూత్‌పేస్టు లాంటి కుక్కల పేస్టు, ఇవన్నీ ఆరు నెలల తరువాత ఆలోచించుకోవచ్చు. గోళ్ల కత్తెర కూడా అంతే, గోటి లోపలి రక్తనాళం ఎక్కడిదాకా ఉంటుందో వైద్యుడు ఒకసారి చూపించిన తరువాతే కొనండి.

దుకాణం జాబితాలో ఉండని వస్తువు ఒకటి ఉంది. పిల్లను తెచ్చుకునే రోజున ఒక పాత గుడ్డ పట్టుకువెళ్లి, దాని తల్లికీ తోబుట్టువులకూ బాగా రుద్ది తెచ్చుకోండి. మొదటి మూడు నాలుగు రాత్రులు పిల్ల ఏడుస్తుంది. ఆ గుడ్డ పక్కన ఉంటే ఆ ఏడుపు కొంత తగ్గవచ్చు. గవ్వకు తల్లి దొరకలేదు కనుక మావారి విడిచిన బనియను వేశాం. కనీసం వారంపాటు ఆ గుడ్డను ఉతకకండి, పనిమనిషికి కూడా ముందే చెప్పి ఉంచండి.