ఒక్క రోజు పనేనా?

ప్రశ్న: మా మామయ్య ఇచ్చిన 1976 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు)కి నల్ల రబ్బరు బంపర్లు తీసేసి క్రోమ్‌వి వేయిద్దామనుకుంటున్నా. ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రి ఒక్క రోజు పనేనంటున్నాడు. నమ్మొచ్చా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: పాతవి విప్పడానికైతే సరిపోతుంది బాబూ! 1974లో అమెరికా భద్రతా నిబంధనల కోసం ఆ రబ్బరు బంపర్లు తగిలించి, కారు ఎత్తు కూడా పెంచారు. ఇండికేటర్లు ముందు బంపర్‌లోనే ఉంటాయి. అది తీస్తే వాటికి ఫెండర్ల మీద చోటు చెయ్యాలి. వెనక లైట్ల కింద రేకు మూలలుండవు, వెల్డింగ్ తప్పదు. అక్కడ లప్పంతో కప్పేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. నా పాత కారుకి అలాగే చేయించా. రెండో వానాకాలానికి పెచ్చులూడింది. కింద రేకుని పొడిస్తే వేలు లోపలికి దిగిపోయింది. రేకు ముక్క కోసి, మూలకి ఆనించి చూపించాకే అడ్వాన్సు ఇవ్వండి. పాత బంపర్లు తూకానికి వేసేయకండి.