ఏజెన్సీని మాన్పించాక అమ్మకు పుండ్లు... ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పక్షవాతంతో మంచాన పడ్డ అమ్మ కోసం రాజమండ్రిలోని ఒక ఏజెన్సీ ద్వారా ఆయాను పెట్టాం. నెలకు 18 వేలు. నాలుగు నెలలయ్యాక కమీషన్ దండగని ఏజెన్సీని మాన్పించి, అదే ఆయాకు నేరుగా ఫోన్‌పే చేశాం. ఇది జరిగి 22 నెలలైంది. ఆ తర్వాత రెండు నెలలకు అమ్మకు నడుము కింద ఎముక కనిపించేంత పుండు పడి, ఆపరేషన్‌కు 3 లక్షల 40 వేలు అయింది. కన్నతల్లిలా చూసుకుంటుందని నమ్మితే ఇలా చేసింది. ఏజెన్సీవాళ్లు మాకేం సంబంధం అంటున్నారు. గొలుసు పోయిందని ఆయా మీద కేసు పెడితే దారికొస్తుందని మా బావగారు అంటున్నారు. ఏజెన్సీని మాన్పించడానికి వారం ముందు ‘నడుం కింద ఎర్రగా ఉంది అక్కా, పౌడరు రాశాను’ అని ఆమె వాట్సాప్‌లో ఫొటో పెడితే నేను సరేనన్నట్టు బొటనవేలు గుర్తు ఎమోజీ పెట్టాను. మాకు దారేది?

జవాబు: మీ కేసు ఆ వాట్సాప్ ఫొటో తేదీ మీద ఆధారపడి ఉంది.

ఏజెన్సీకి డబ్బు కట్టిన నాలుగు నెలలూ మీరు వినియోగదారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వాళ్లను నిలదీయొచ్చు. ఆయాకు నేరుగా జీతం ఇవ్వడం మొదలుపెట్టిన రోజు నుంచి ఆమెకు యజమాని మీరే. యజమాని, పనిమనిషి మధ్య ఉండే వ్యక్తిగత సేవా ఒప్పందాన్ని ఆ చట్టం ‘సేవ’ నిర్వచనంలోంచి తీసేసింది. ఇలాంటి ఒప్పందానికీ, డబ్బు కట్టి బయటి సంస్థ నుంచి సేవ పొందే ఒప్పందానికీ తేడా ఏమిటో సుప్రీంకోర్టు 1995లో, వైద్య సేవలకు సంబంధించిన వి.పి.శాంత కేసులో వివరించింది. కాబట్టి పుండు ఎవరి హయాంలో మొదలైందన్నదే తేలాలి. నొక్కినా తెల్లబడని ఎరుపు మంచం పుండుకు మొదటి దశ. అది ఏజెన్సీ హయాంలోనే కనిపించింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలని ఆయాకు నేర్పారా, సూపర్‌వైజర్ ఒక్కసారైనా వచ్చి చూశారా అన్నదానికి వాళ్లు జవాబు చెప్పాలి.

అయితే మీ అజాగ్రత్త కూడా తక్కువేం కాదు. కన్నతల్లి ఒంటి మీద ఎరుపు చూసి బొటనవేలు గుర్తు పెట్టి ఊరుకున్నారు. డాక్టరుకు చూపించలేదు. కమీషన్ మిగులుతుందని, అడిగే నాథుడున్న సంస్థను వదిలేసి, పరిహారం కట్టే స్తోమత లేని మనిషిని మిగుల్చుకున్నారు. అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. ఆపరేషన్‌కు ముందు రెండు నెలలూ ఆయా మీ అజమాయిషీలోనే ఉంది గనుక 3 లక్షల 40 వేలూ పూర్తిగా వస్తాయని ఆశపడకండి.

ఆ మెసేజ్ ఉన్న ఫోను మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు. ఇంకొకరికి ఫార్వర్డ్ చేసిన ఫొటో, స్క్రీన్‌షాట్ దానికి సాటిరావు. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఆ మెసేజ్‌ను ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేసి దాఖలు చేయాలి. ఏజెన్సీ రసీదులు, ఒప్పంద పత్రం వెతికి తీయండి. ఒప్పందం గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు! ఆసుపత్రి కేస్ షీట్ కోసం రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఆ రికార్డులను మూడేళ్లే ఉంచుతారు, ఆలస్యం చేయకండి. పుండు ఎన్నాళ్ల నుంచి ముదిరి ఉంటుందో ఆపరేషన్ చేసిన డాక్టరుతో రాయించుకోండి.

ఇక గడువు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చింది రెండేళ్లు. ఆపరేషన్ రోజు నుంచి లెక్కేసుకుని ఇంకా నాలుగు నెలలుందని ధీమాగా ఉండొద్దు. తమ సేవ ముగిసిన రోజు నుంచే లెక్కించాలని ఏజెన్సీ వాదిస్తుంది. ఆ లెక్కన మీకున్నది రెండు నెలలే. లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన గడువు ఆగదు, అసలు నోటీసు తప్పనిసరి కూడా కాదు. జాప్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు (వినియోగదారుల కోర్టుకు) ఉన్నా అందుకు తగిన కారణం చూపాలి. ఉద్యోగంలో తీరిక లేదంటే ఒప్పుకోరు.

మీ బావగారి సలహా మాత్రం ఇంతటితో మర్చిపోండి. లేని దొంగతనం అంటగడితే భారతీయ న్యాయ సంహిత 217, 248 సెక్షన్ల కింద ముద్దాయి అయ్యేది మీరే. 248 కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. పైగా ఏజెన్సీ మీద మీకున్న ముఖ్య సాక్షి ఆ ఆయానే. ఎర్రగా ఉందని దాచకుండా చెప్పిన మనిషి ఆమె. తనకు ఏ శిక్షణా ఇవ్వకుండా పంపారని ఆమె అఫిడవిట్ ఇస్తే మీ కేసుకు బలం. ఆ అఫిడవిట్ ఇవ్వాల్సిన మనిషిని పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెడతారా? బకాయి జీతం ఏమైనా ఉంటే ముందు ఇచ్చేసి, రసీదు తీసుకోండి.

అమ్మగారిని మొదటి ఫిర్యాదిగా, మిమ్మల్ని రెండో ఫిర్యాదిగా చూపి, అమ్మగారు ఉంటున్న ప్రాంతం ఏ జిల్లా వినియోగదారుల కమిషన్ పరిధిలోకి వస్తుందో అక్కడే వేయండి. మీరు హైదరాబాద్‌లోనూ వేయొచ్చు గానీ డాక్టరు, ఆయా అందరూ మీ ఊరి వైపే ఉన్నారు. అమ్మగారు సంతకం చేయలేకపోతే వేలిముద్ర చాలు. ఏజెన్సీకి మీరు కట్టింది 72 వేలే. 5 లక్షల లోపు గనుక ఫీజు ఉండదు. ఈ శనివారమే ఊరికి బయల్దేరండి. ఆ ఫోను, రసీదులు పట్టుకుని అమలాపురంలో ఒక న్యాయవాదిని కలిసి, నెల తిరగకముందే ఫిర్యాదు దాఖలు చేయించండి.