సమాధానం: మీ ఫైల్ కట్ అవ్వలేదు, నాట్ కింగ్ కోల్ షో మొదట్లో పావుగంటే

మీకు దొరికిన రికార్డింగుల్లో కొన్ని పావుగంట, కొన్ని అరగంట ఉన్నాయని, సగం ఎగిరిపోయిందేమోనని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి. అమెరికన్ గాయకుడు నాట్ కింగ్ కోల్ నడిపిన ఈ టీవీ షో 1956 నవంబరు 5న అక్కడి ఎన్బీసీ చానల్లో మొదలైనప్పుడు పావుగంటే. సోమవారం సాయంత్రం ఏడున్నరకు వచ్చేది, ఏడు ముప్పావుకు వార్తలు. 1957 జూలైలో అరగంట చేశారు. కాబట్టి మీ పొట్టి ఫైళ్లు తొలి నెలలవి అయ్యుంటాయి. చివర్లో కోల్ వీడ్కోలు చెబుతుంటే ఎపిసోడ్ పూర్తిగా ఉన్నట్టే.

బొమ్మ మసకగా ఉండటం కూడా మీ ప్లేయర్ తప్పు కాకపోవచ్చు. ఆ రోజుల్లో టీవీ తెర ముందు ఫిల్మ్ కెమెరా పెట్టి ప్రసారాన్ని తీసేవారు, దాన్నే కినెస్కోప్ అంటారు. తెల్ల చొక్కా మీద వెలుగు చెదిరినట్టు కనిపిస్తే అది దాని లక్షణమే. ఫిల్టర్లు వేసి అతిగా శుభ్రం చేయకండి, ముఖంలో కదలికలు పోతాయి.

ఇక ఏడాదికే ఎందుకు ఆగిందన్నారు. పాట బాగోలేక కాదు. నల్లజాతి గాయకుడి షోకు దేశమంతటికీ స్పాన్సర్‌గా నిలబడటానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లోని తెల్లజాతి కొనుగోలుదారులు దూరమవుతారని భయం. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, హ్యారీ బెలఫాంటే లాంటివాళ్లు నామమాత్రపు పారితోషికానికే వచ్చి పాడారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు నిండిపోతుంది. 1957 డిసెంబరు 17న కోల్ తానే ముగించారు. అరగంట ఫైళ్లు ముందు చూడండి, అతిథులతో కలిసి పాడిన పాటలకు అందులో చోటు ఎక్కువ.