టెక్ సందేహాలు: గేమ్ ఆపినా చల్లారని ల్యాప్‌టాప్

ఎండలు ముదిరిన కాడ్నించి నాకొచ్చే సందేహాల్లో సగానికి పైగా ఒకటే గోల. "అన్నా, గేమింగ్ ల్యాప్‌టాప్ పెనం లాగా కాల్తా ఉంది, ఏం చెయ్యాల?" కావలి నించి ఒకరు, కనిగిరి నించి ఒకరు, ఒంగోలు నించి నలుగురు, నెల్లూరు టౌన్‌లో అయితే వీధికొకరు. విడివిడిగా జవాబులు రాసి రాసి నా చెయ్యే వేడెక్కింది కాబట్టి ఈసారి మొత్తం ఇదే. పరుపు మీద పెట్టొద్దు, అప్పుడప్పుడు దుమ్ము తుడవండి లాంటివి మళ్ళీ చెప్పను, అవి మీకు తెలుసు, తెలిసీ పరుపు మీదే పెడతారు, అది వేరే సంగతి.

ఒంగోలు నించి ఒక బీటెక్ కుర్రాడు అడిగింది ఇది. గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలు 110 ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద మారే బొమ్మల లెక్క) వస్తదంట, ఆ తర్వాత 45కి పడిపోద్దంట, సీపీయూ, అంటే ప్రాసెసర్, 97 డిగ్రీలు, బొమ్మలు గీసే జీపీయూ 86 చూపిస్తదంట. చిప్ వేడిని లోహపు హీట్‌సింక్‌కి అందించే పేస్ట్ మార్పించాడు, కూలింగ్ ప్యాడ్ కొన్నాడు, ఎయిర్ కూలర్ ముందు కూడా పెట్టి చూశాడు. అండర్‌వోల్ట్ చేద్దామంటే, అంటే ప్రాసెసర్‌కి పోయే వోల్టేజ్ తగ్గిద్దామంటే, బయోస్‌లో (మిషన్ ఆన్ కాగానే ముందు నడిచే మూల సాఫ్ట్‌వేర్‌లో) ఆ ఆప్షనే లేదు, ఎవరో పాత బయోస్ వెనక్కి ఎక్కించుకోమన్నారు, ఎక్కించుకోమంటారా అని.

తమ్ముడూ, ముందు ఆ కూలర్ ముందు నించి తియ్యి. అది తడిగాలి కొడతది, మనది అసలే సముద్రం పక్కన ఊరు, గాలిలో ఉండే చెమ్మా ఉప్పూ చాలదని ఇంకా నీళ్ళ తుంపర్లు లోపలికి పీల్పిస్తావా. ఇంక 97 అంటే చచ్చిపోతుందని కాదు, ఈ ప్రాసెసర్లు చాలావరకు 95 నించి 100 దగ్గర తమంతట తామే స్పీడ్ తగ్గించుకునేటట్టు చేసినవి, నీకు 45కి పడిపోయేది అందుకే, అది చిప్ తనని తాను కాపాడుకోవడం. ఇంకో లెక్క చూడు. ఏసీ గదిలో 25 డిగ్రీల గాలి పీల్చి 85 దగ్గర నిలబడే చిప్, మే నెలలో మన రేకుల గదిలో 38 డిగ్రీల గాలి పీలిస్తే దాదాపు 98కి పోద్ది, ఎందుకంటే ఫ్యాన్ చేసేది బయట గాలిని లోపలికి తిప్పడమే, చల్లబరిచే మంత్రమేం దాని దగ్గర లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగుల్తాయంటారు, ల్యాప్‌టాప్ ఎంత.

కానీ అసలు తప్పు నీది కాదు, ఈ రకం మిషన్లు గీసేవాళ్ళది. గేమ్ ఆడేటప్పుడు సీపీయూ, జీపీయూ రెండూ కలిపి 150 వాట్లు తింటాయనుకో, అదంతా చివరికి వేడే. రేడియో రిపేర్ షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే ఆరు సోల్డరింగ్ ఐరన్లు రెండు వేళ్ళ మందం కూడా లేని డబ్బాలో పెట్టి మూతేసి, గాలి పీల్చే రంధ్రాలు అడుగున పెట్టి, ఆ అడుగుకీ టేబుల్‌కీ మధ్య రబ్బరు కాళ్ళ ఎత్తు మాత్రం వదిలారు. పొగాకు పండించే ఊళ్ళో పుట్టినోళ్ళకి నేను చెప్పక్కర్లేదు, ఆకు ఆరబెట్టే బ్యారన్‌లో కింద గాలొచ్చే దారి, పైన పోయే దారి, ఏది ఎప్పుడు ఎంత తెరవాలనే దాని మీదే ఆకు రేటంతా ఉంటది. మన తాతలకి తెలిసిన ఆ గాలి లెక్క ఈ డిజైన్ ఇంజనీర్లకి తెలవదా? తెలుసు. షాపులో చేత్తో పట్టుకుని "అబ్బా ఎంత సన్నగా ఉందో" అంటే చాలు, అమ్ముడుపోద్ది, దానికోసం. కీబోర్డు కింద రంగురంగుల లైట్లకి పెట్టిన శ్రద్ధలో పావలా వంతు గాలికి పెట్టి ఉంటే ఈ ఉత్తరాలు నాకెందుకొస్తాయి.

పేస్ట్ మార్పించా అన్నావు కదా, ఆ షాపోడు హీట్‌సింక్ రెక్కల వెనకాల చూశాడా అని అడుగు. మొన్న మా బాబాయి కొడుకు చీమకుర్తి నించి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు, వాళ్ళిల్లు గ్రానైట్ కటింగ్ యూనిట్ల పక్కనే. బయట నించి చూస్తే తళతళలాడతా ఉంది. అడుగు మూత విప్పి ఫ్యాన్ పైకి లేపితే, ఫ్యాన్‌కీ ఆ రాగి రెక్కలకీ మధ్యలో బూడిద రంగు పొర, రాతి పొడి, తల వెంట్రుకలు, దుప్పటి నూగు అన్నీ కలిసి అప్పడంలా గట్టిపడి ఉంది, ట్వీజర్‌తో పట్టుకుని లాగితే ఒకటే ముక్కగా ఊడొచ్చింది. పేస్ట్ జోలికి పోకుండా అదొక్కటి తీస్తేనే 14 డిగ్రీలు తగ్గింది. బ్లోయర్ కొట్టేటప్పుడు మాత్రం ఫ్యాన్ రెక్కకి పంటిపుల్ల అడ్డం పెట్టండి, సరదాగా ఉంది కదా అని గిర్రున తిరగనిచ్చారంటే బేరింగ్ పోద్ది. కొన్ని మోడళ్ళలో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ వస్తంది, అది కరెంట్ పారే సరుకు, ఒక చుక్క జారి బోర్డు మీద పడితే అయిపోయినట్టే, కాబట్టి మీదాంట్లో ఏముందో తెలుసుకోకుండా హీట్‌సింక్ విప్పనీయొద్దు.

డబ్బు ఖర్చు లేని పని ఇంకొకటి ఉంది. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్. 100 ఉన్నదాన్ని 99 చెయ్యి. ఒక్క అంకె తేడాకే టర్బో, అంటే ప్రాసెసర్ మామూలు కన్నా స్పీడ్ పెంచుకోవడం, ఆగిపోద్ది, చాలా మిషన్లలో సీపీయూ వేడి చెప్పుకోదగ్గంత దిగొస్తది, జీపీయూ మీద ఆధారపడే గేముల్లో నీకు తేడా కూడా తెలవదు. గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌కి 60 దగ్గర లిమిట్ పెట్టు. 110 వచ్చి 45కి పడిపోయే దానికన్నా, నిలకడగా 60 రావడం మేలు కదా. వెనక వైపు రెండంగుళాలు ఎత్తు పెట్టు, దానికి కూలింగ్ ప్యాడే అక్కర్లేదు, రెండు పాత పుస్తకాలు చాలు, రంధ్రాలకి అడ్డం రాకుండా.

పాత బయోస్ మాత్రం వద్దు. ఈ అండర్‌వోల్ట్ ఎందుకు పోయిందో తెలిస్తే నీకూ ఒళ్ళు మండుద్ది. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అని ఒక లోపం బయటపడింది, వోల్టేజ్ కావాలని తగ్గించి ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే ఎస్‌జీఎక్స్ అనే రహస్యపు గది లెక్కలు తప్పేటట్టు చెయ్యొచ్చని పరిశోధకులు చూపించారు. దానికి మందుగా వోల్టేజ్ మార్చే తలుపు మూసేశారు. మూయడం తప్పు కాదు. కానీ ఇంట్లో గేమ్ ఆడే పిల్లోడు ఎస్‌జీఎక్స్ వాడేదెక్కడ? పైగా తర్వాత తరం ప్రాసెసర్లలో, మనం కొనే రకాల్లో, ఆ గదినే తీసేశారు, తలుపుకి తాళం మాత్రం చాలా మోడళ్ళలో అట్టానే ఉంది. చెయ్యాలనుకునేవాడికి ఒక స్విచ్ ఇచ్చి, దాని కింద హెచ్చరిక రాస్తే సరిపోయేది. అప్‌డేట్ వేస్తారు, ఏం తీసేశారో చెప్పరు, "స్టెబిలిటీ మెరుగుపరిచాం" అని ఒక లైను పడేస్తారు, అదీ నా బాధ. అయినా సరే పాతది ఎక్కించొద్దు, ఆ తర్వాత వచ్చిన మిగతా సెక్యూరిటీ రిపేర్లన్నీ కూడా వెనక్కి పోతాయి, ఎక్కించే మధ్యలో మిషన్ ఆగిపోయిందంటే బోర్డే పోవచ్చు.

ఇప్పుడు నన్ను నిజంగా నిద్ర పోనీయని ఉత్తరం. ఇందుకూరుపేట వైపు నించి ఒక రొయ్యల రైతు రాశాడు. రాత్రి రెండు గంటలకి లేచి గుంట కాడ కాపలా మనిషికి ఫోన్ చేసి నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరగతన్నాయా లేదా కనుక్కోడం ఆయనకి అలవాటంట. అట్టా లేచినప్పుడల్లా హాల్లో కొడుకు ల్యాప్‌టాప్ బుస్సుమని అరస్తా ఉంటదంట, గేమ్ లేదు, స్క్రీన్ చీకటి, చెయ్యి పెడితే కాల్తది. కొడుకుని లేపితే వాడొచ్చి ఏ ప్రోగ్రాం ఎంత పని చేస్తందో చూపించే టాస్క్ మేనేజర్ తెరుస్తాడు, తెరిచిన నిమిషంలో ఫ్యాన్ ఆగిపోద్ది, "ఏం లేదు నాయనా, రెండు శాతమే వాడతా ఉంది" అని మళ్ళీ పడుకుంటాడు. "ఇదేమన్నా గాలి చేష్టా సారూ" అని అడిగాడాయన.

గాలీ దెయ్యం కాదు పెద్దాయనా, మీ కరెంటుతో ఎవరో డబ్బులు చేసుకుంటన్నారేమో అని నా అనుమానం. మీవాడు గేములు ఎక్కడ నించి దించుతున్నాడో అడగండి. క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా ఆడేటట్టు తాళం పగలగొట్టిన గేముల్లో మైనర్ (మీ మిషన్‌తో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ తవ్వుకునే ప్రోగ్రాం) కలిపి వదలడం పాత వ్యాపారమే, 2021లో యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ వాళ్ళు క్రాకొనోష్ అని ఒకదాన్ని బయటపెట్టారు, ప్రపంచం మొత్తమ్మీద 2,22,000కి పైగా కంప్యూటర్లలో దూరి మోనెరో అనే క్రిప్టో కరెన్సీ తవ్వుకుంది, ఇరవై లక్షల డాలర్లకి పైనే సంపాదించింది, యాంటీవైరస్‌నీ విండోస్ అప్‌డేట్‌నీ అదే ఆపేసేది. 2024 డిసెంబర్ 31న మొదలైన ఇంకొకదానికి కాస్పర్‌స్కీ అనే ఇంకో యాంటీవైరస్ కంపెనీ వాళ్ళు స్టారీడోబ్రీ అని పేరు పెట్టారు, అదీ టొరెంట్ గేముల్లోనే వచ్చింది. దాని తెలివి చూడండి, కనీసం ఎనిమిది కోర్లు ఉన్న ప్రాసెసర్ అయితేనే పని మొదలుపెడతది, అంటే సరిగ్గా మీవాడిలాంటి వాడి మిషనే దానికి కావాల. టాస్క్ మేనేజర్ తెరిచినట్టు కనిపించిందా, వెంటనే ఆగిపోద్ది. పిల్లి అడుగు వినపడగానే ఎలుక కన్నంలోకి పోయినట్టు.

తొందరపడి పిల్లోడిని తిట్టబాకండి, ఎందుకంటే మనం వాడనప్పుడు విండోస్ తన పనులు తను చేసుకుంటది, మనం ముట్టుకోగానే అదీ ఆగిపోద్ది. తేడా ఏందంటే అది రోజూ రాత్రంతా తిరగదు. వరసగా మూడు రాత్రులు చూడండి. మూడోనాడు ల్యాప్‌టాప్ బుస్సుమంటన్నప్పుడు దాన్ని ముట్టుకోకుండా రూటర్ స్విచ్ తీసెయ్యండి. నెట్ లేకపోతే మైనర్‌కి పనిచ్చేవాడు ఉండడు, కాసేపట్లో ఫ్యాన్ తగ్గిందంటే అనుమానం బలపడినట్టే. తర్వాత విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అడుగున ఎక్స్‌క్లూజన్స్, అంటే యాంటీవైరస్ చూడకుండా వదిలేసే వాటి జాబితా, తెరిచి చూడండి. అక్కడ మొత్తం సీ డ్రైవ్ కనపడిందా, ఇంక ఆలోచించొద్దు. ఈ కుర్రాళ్ళు గేమ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "యాంటీవైరస్ ఆపు" అని వీడియోలో వాడెవడో చెప్తే ఆపేస్తారు, ఇంటి కుక్కని కట్టేసి దొంగకి తలుపు తీసినట్టు, పైగా దొంగకే బీరువా తాళాలిచ్చి అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తారు.

మైనర్ ఒక్కటే అయితే నేనింత రాయను, కరెంట్ బిల్లు పెరుగుద్ది, ఫ్యాన్ అరుగుద్ది, అంతే. మీ ఉత్తరంలో నాకు గుండె జారింది వేరే లైను దగ్గర, అదే ల్యాప్‌టాప్‌లో మీరు మేత డీలర్‌కి నెట్ బ్యాంకింగ్‌లో డబ్బులు పంపుతారని రాశారు చూడండి, అక్కడ. మైనర్ దూరిన సందులోనే పాస్‌వర్డ్ దొంగ కూడా దూరొచ్చు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, మీరు లాగిన్ అయ్యారని సైట్లకి గుర్తుచేసే కుకీలు మొత్తం ఒక్క నిమిషంలో పట్టుకుపోతది. కుకీ పోయిందంటే చాలా సైట్లలో వాడికి మీ పాస్‌వర్డ్, ఓటీపీ కూడా అక్కర్లేదు, మీరు లాగిన్ అయి ఉన్నట్టే వాడూ లోపలుంటాడు. కాబట్టి ఈరోజే ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పని ఆపండి. మీ ఫోన్ నించి మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చండి, మెయిల్‌లో అన్ని డివైస్‌ల నించీ సైన్ అవుట్ కొట్టండి. ఫొటోలు, కాలేజీ ఫైళ్ళు మాత్రం తీసుకుని, వేరే కంప్యూటర్‌లో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో డిస్క్ మొత్తం తుడిచి విండోస్ మళ్ళీ ఎక్కించండి. స్కాన్ చేస్తే పోయిందిలే అనుకోబాకండి, అడ్మిన్ హక్కులిచ్చి లోపల కూర్చోబెట్టినోడు ఏ మూల ఏం దాచిపెట్టాడో స్కాన్‌కి తెలుస్తదన్న గ్యారంటీ లేదు.

దీనికి తోక లాంటిది పొదిలి నించి వచ్చింది. ఫ్యాన్ స్పీడ్ మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే విండోస్‌లో ఉండే యాంటీవైరస్ డిఫెండర్ విన్‌రింగ్‌జీరో అనే పేరు చూపించి ఆపేస్తంది, మా ఫ్రెండ్స్ అందరూ ఎక్స్‌క్లూజన్‌లో పెట్టుకున్నారు, నేనూ పెట్టుకోవచ్చా అని. వద్దు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు దొంగలు కాకపోవచ్చు, కానీ దాంతోపాటు వచ్చే ఆ విన్‌రింగ్‌జీరో అనే డ్రైవర్‌లో (మిషన్ లోపలి భాగాలతో నేరుగా మాట్లాడే ప్రోగ్రాంలో) పాత కన్నం ఉంది, సీవీఈ 2020-14979 అని నంబర్ కూడా ఉంది దానికి, మామూలు ప్రోగ్రాం ఏదైనా దాన్ని పట్టుకుని సిస్టమ్ మొత్తం మీద పెత్తనం తెచ్చుకోవచ్చు. 2025లో డిఫెండర్ దాన్ని పట్టుకోడం మొదలుపెట్టింది, ఆలస్యమే గానీ మంచిపనే. ఆ డ్రైవర్ లేకుండా కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడు, రాలేదా, ల్యాప్‌టాప్‌తో వచ్చిన కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎంత దరిద్రంగా ఉన్నా దాంట్లోనే ఫ్యాన్ పెంచుకో.

చివరిది సింగరాయకొండ అబ్బాయిది, చెన్నైలో చదువుతున్నాడు. మూత మూసి బ్యాగులో పెట్టి పినాకిని ఎక్కాడు, గూడూరు దాటాక బ్యాగు ఒళ్ళో పెట్టుకుంటే తొడ కాలిందంట, తీసి చూస్తే బ్యాటరీ సున్నా. మూత మూస్తే నిద్రపోవాలి కదన్నా అని అడిగాడు. పోవాలి నాయనా, పదేళ్ళ కింద పోయేది. ఇప్పుడు మోడర్న్ స్టాండ్‌బై అని పెట్టారు, ఫోన్‌లాగా మూత మూసినా నెట్ చూస్తా ఉంటది, మెయిల్ తెస్తా ఉంటది, ఎప్పుడో మధ్యలో పూర్తిగా మేలుకుని బ్యాగులో గాలాడక ఉడికిపోద్ది. ఎవడడిగాడు ఈ ఫోన్ వేషాలు? మూత మూస్తే హైబర్నేట్ అయ్యేటట్టు, అంటే పని డిస్క్‌లో దాచుకుని పూర్తిగా ఆగిపోయేటట్టు, పవర్ ఆప్షన్స్‌లో పెట్టుకో.

అయితే ఈ అబ్బాయి ఉత్తరం అడుగున "అన్నట్టు ఆ రోజు నించి టచ్‌ప్యాడ్ క్లిక్ గట్టిగా అయింది, కొంచెం పైకి లేచినట్టుంది, అది తర్వాత చూసుకుంటాలే" అని రాశాడు. అది తర్వాత చూసుకునేది కాదబ్బయా, ముందు రాయాల్సింది అది. కింద బ్యాటరీ ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టబాక, ఆన్ చెయ్యబాక, టచ్‌ప్యాడ్‌ని లోపలికి నొక్కబాక, హాస్టల్ మంచం మీద నించి తీసి గచ్చు మీద పెట్టు, తెల్లారగానే సర్వీస్ సెంటర్‌కి చేత్తో పట్టుకుపో, బ్యాగులో కుక్కి కాదు.