పాప యాంటీబాడీ ఇంజినీరింగ్ అంటోంది, ఏ కాలేజీలో చేర్చాలి?

ప్రశ్న: మాది గాజువాక. స్టీల్ ప్లాంట్‌లో పని చేస్తున్నాను. మా పాప ఇంటర్ బైపీసీ సెకండియర్ పరీక్షలు రాసింది. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వస్తే అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రిలో ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. అప్పటి నుంచి పాప ‘నేను డాక్టర్ అవ్వను, ఆ మందు తయారుచేసే యాంటీబాడీ ఇంజినీరింగ్ చదువుతా’ అంటోంది. నాకేమో నీట్ లాంగ్ టర్మ్‌లో వేద్దామని ఉంది. వైజాగ్‌లో ఈ ఇంజినీరింగ్ ఏ కాలేజీలో ఉంది? పక్కనే పరవాడ ఫార్మా సిటీ ఉంది కదా, ఉద్యోగం అక్కడే దొరుకుతుందా?

(ఉత్తరం అడుగున పాప రాసిన లైను: ‘సార్, నాకు మ్యాథ్స్ లేదు. కుదురుతుందా?’)

జవాబు: ఏ కాలేజీలో ఉందని అడిగారు. నాకు తెలిసినంతలో డిగ్రీ స్థాయిలో ఆ పేరుతో కోర్సు వెతకడం దండగ. బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ లాంటివి చదివి, పీజీ చేసి, ల్యాబ్‌లో ఏళ్ల తరబడి చెయ్యి తిప్పితే వచ్చే పనితనం అది. రేపు ఎవరైనా ఆ పేరు బ్రోచర్ మీద అచ్చేసి మీ దగ్గరికి వస్తే ఫీజు కట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

మీ పాప ఏం అడుగుతోందో మీకు అర్థం కావాలి కాబట్టి మందు సంగతి కాస్త చెబుతాను. యాంటీబాడీ అంటే పంగలకర్ర ఆకారంలో ఉండే ప్రొటీన్. పైన రెండు కొసలూ శత్రువును పట్టుకుంటాయి, కింది కాడ మన రోగనిరోధక కణాలను పిలుస్తుంది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు ఒకే రకం యాంటీబాడీని ల్యాబ్‌లో ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. చిక్కేమిటంటే అది ఎలుక యాంటీబాడీ. 1986లో అమెరికాలో అనుమతి పొందిన మొట్టమొదటి యాంటీబాడీ మందు అలాంటిదే. మార్చిన కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చేవారు. కానీ మన ఒంటికి ఎలుక ప్రొటీన్ పరాయిదే కదా, దాని మీదే తిరగబడేది.

అప్పుడు కేంబ్రిడ్జ్‌లో గ్రెగ్ వింటర్ చేసిన పని మన మామిడి అంటు లాంటిదే. ఎలుక యాంటీబాడీలో శత్రువును పట్టే కొసలోని చిన్న ముక్కలను మాత్రం తీసుకుని, మనిషి యాంటీబాడీకి అంటుకట్టాడు. మీ అమ్మగారికి ఇచ్చిన ట్రాస్టుజుమాబ్ ఇలా వచ్చిందే, 1998లో అనుమతి పొందింది. పేరులోని ‘జు’ అంటే ‘మనిషికి తగ్గట్టు మార్చినది’ అని గుర్తు, ‘మాబ్’ అంటే మోనోక్లోనల్ యాంటీబాడీ, అంటే అంతా ఒకే రకం యాంటీబాడీ. పాపకి ఇది చెప్పి చూడండి, మొహం వెలిగిపోతే మీకు సగం జవాబు దొరికినట్టే.

తర్వాత ఎలుక అవసరమే తగ్గింది. కోట్లాది యాంటీబాడీ ముక్కలను బ్యాక్టీరియాకు పట్టే వైరస్‌ల మీద అతికించి, కావలసినదాన్ని చేటతో చెరిగినట్టు వేరుచేసే పద్ధతి వచ్చింది. దీనికి 2018లో జార్జ్ స్మిత్‌కీ వింటర్‌కీ నోబెల్‌లో వాటా దక్కింది. ఇప్పుడు యాంటీబాడీ కొసను రోగి సొంత టీ కణానికే (ఇదొక రకం రోగనిరోధక కణం) తగిలించే కార్-టీ చికిత్స కూడా ఉంది. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన నెక్స్‌కార్19 అనే అలాంటి చికిత్సకి మన దేశంలో 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది.

ఫార్మా సిటీ విషయంలో మిమ్మల్ని నిరాశపరచక తప్పదు. పరవాడలో ఎక్కువగా జరిగేది రసాయనాలతో చేసే మందుల ముడిసరుకు తయారీ, అంటే రియాక్టర్లు, సాల్వెంట్లు. యాంటీబాడీని అలా వండలేం, బతికున్న కణాలకు మేత పెట్టి వాటిచేత చేయించాలి. ఆ కంపెనీలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి. పాప పెట్టె సర్దుకుని వెళ్లాల్సిందే. ఈ మాట ఇప్పుడే ఇంట్లో అనుకోండి, పెళ్లి సంబంధాల టైములో కాదు.

నీట్ లాంగ్ టర్మ్ వద్దనే అంటాను. డాక్టరు ఈ మందు ఇస్తారు, తయారుచేయడం వేరే వృత్తి. ఇష్టం లేని పిల్లని ఇంకో ఏడాది హాస్టల్లో కూర్చోబెట్టడం ఎందుకు? అయితే ఈ దారి పొట్టిదేం కాదు. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ కలిపితే పదేళ్ల మాట. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది, ఆ దశలో మీ చెయ్యి ఆసరా పెద్దగా అక్కర్లేదు. పీజీతో ఆగినా సెల్ కల్చర్ (కణాలను పెంచడం), ప్యూరిఫికేషన్ (మందును శుద్ధి చేయడం), క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాలున్నాయి. మొదటి జీతం చూసి సాఫ్ట్‌వేర్ బావమరిదితో మాత్రం పోల్చకండి.

ఎక్కడ చేరాలి? కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో సీటు వస్తే కళ్లకద్దుకుని చేర్చండి. అది రాకపోతే ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో బీటెక్ బయోటెక్నాలజీ గానీ బీఫార్మసీ గానీ, లేదంటే మంచి కాలేజీలో బీఎస్సీ బయోకెమిస్ట్రీ. ‘ఇంజినీరింగ్’ అన్నారు కాబట్టి బీటెక్కే చెయ్యాలనేం లేదు. అసలు వడపోత పీజీ దగ్గర జరుగుతుంది: ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, గాట్-బి అనే ప్రవేశ పరీక్షలు, బీఫార్మసీ వాళ్లకి నైపర్ అనే ఫార్మసీ పీజీ సంస్థల పరీక్ష. మన ఆంధ్రా యూనివర్సిటీలోనూ బయోటెక్నాలజీ పీజీ ఉంది.

కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో టీ తాగి వచ్చేయకండి. కొన్నేళ్ల క్రితం నేనే కోర్సు పేరు ఘనంగా ఉందని ఒక అబ్బాయిని ఒక కాలేజీలో చేర్పించాను. పేరు గొప్ప ఊరు దిబ్బ. మూడేళ్లలో వాడు మైక్రోపిపెట్ (ద్రవాన్ని చుక్కల్లో కొలిచి తీసే పరికరం) పట్టుకున్నది ప్రాక్టికల్ పరీక్ష రోజునేనట. ఆ అబ్బాయి నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ. అందుకే చెబుతున్నాను, ల్యాబ్‌లోకి వెళ్లి కణాలు పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయించండి. లోపల ఫ్లాస్కులుంటే అక్కడ పని జరుగుతున్నట్టు, రికార్డు బుక్కులుంటే అది బీరువా. ఫైనలియర్ పిల్లల్ని కూడా బయటికి పిలిచి ప్రాజెక్టు ఎక్కడ చేశారో అడగండి. కొనుక్కున్న ప్రాజెక్టైతే రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది.

ఇక అమ్మా, నీ లైనుకి. కుదురుతుంది, కానీ మ్యాథ్స్‌ని పూర్తిగా తప్పించుకోలేవు. ఐసర్ పరీక్షలో 60 ప్రశ్నలకు 15 మ్యాథ్సే. జామ్ బయోటెక్నాలజీలో కూడా ఇంటర్ స్థాయి మ్యాథ్స్ అడుగుతారు. పైగా ఇప్పుడు ప్రొటీన్లను ముందు కంప్యూటర్‌లో గీసి చూస్తున్నారు, 2024 కెమిస్ట్రీ నోబెల్ ఆ పనికే వచ్చింది. ఈ సెలవుల్లో ఎంపీసీ చదివిన వాళ్లెవరినైనా అడిగి ఫస్టియర్ మ్యాథ్స్ పుస్తకాలు తెచ్చుకో. రోజుకో గంట చాలు. ఫంక్షన్లు, మాత్రికలతో మొదలుపెట్టు, ట్రిగనామెట్రీ తర్వాత చూద్దువుగాని.