మండల విలేకరులకు గ్రామీణ మహిళల అప్పుల మీద రెండు రోజుల శిక్షణ: ఏం నేర్పాలి, ఏం వదిలేయాలి?

మీరు అడిగింది ఇది: తెలుగు రాష్ట్రాల్లోని మండల విలేకరులు ఓ ఇరవై మంది ఉన్నారు, ఊళ్లలో ఆడవాళ్లకు అప్పు ఎక్కడ పుడుతోంది, ఎంత వడ్డీకి పుడుతోంది అన్నదాని మీద రాయడం వాళ్లకు నేర్పాలి, చేతిలో రెండు రోజులే ఉన్నాయి.

ముందు వదిలేయాల్సింది చెబుతాను. మొదటి రోజు పొద్దున్నే బ్యాంకు అధికారి చేత ఉపన్యాసం పెట్టించకండి. పథకాల పేర్లు, లక్ష్యాలు, సాధించిన శాతాలతో ఒక పూట గడిచిపోతుంది. విలేకరులు దాన్నే వార్తగా రాసి పంపేస్తారు. ఆయన్ను రెండో రోజు సాయంత్రం పిలవండి. అప్పటికి అడగాల్సిన ప్రశ్నలు వీళ్ల చేతిలో ఉంటాయి.

మొదటి పూటంతా వడ్డీ లెక్కలకే. ఫోన్‌లో క్యాలిక్యులేటర్, తెల్లకాగితం చాలు. ఊళ్లో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు, బ్యాంకు ఏడాదికి ఇంత శాతమని చెబుతుంది. ఈ రెండింటినీ కలిపేసి ‘బ్యాంకులో 12 శాతం, బయట మూడు రూపాయలే’ అని రాసిన వార్తలు వస్తుంటాయి. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఏ వడ్డీ అయినా ఏడాది లెక్కకు మార్చాకే పోల్చాలన్నది మొదటి నియమం.

రెండోది ఫ్లాట్ వడ్డీ. 10,000 అప్పు, 12 శాతం ఫ్లాట్, పన్నెండు నెలల కిస్తీలు అనుకోండి. వడ్డీ 1,200, నెలకు కిస్తీ 933. వినడానికి 12 శాతమే. కానీ ఆర్నెల్లయ్యేసరికి అసలులో దాదాపు సగం తీరిపోతుంది, వడ్డీ మాత్రం మొత్తం పదివేల మీదే పడుతూ ఉంటుంది. తగ్గే అసలు మీద లెక్కిస్తే అది 21 శాతం పైన తేలుతుంది. ఇదే పద్ధతిలో డైలీ ఫైనాన్స్ లెక్క కూడా చేయించండి. పదివేలు రాసుకుని 1,500 ముందే పట్టుకుని 8,500 చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. ఏడాది లెక్కలో అది 120 శాతం దగ్గర. ఈ రెండు లెక్కలూ ప్రతి విలేకరీ తన చేత్తో చేయాలి, బోర్డు మీద మీరు చేసి చూపిస్తే చాలదు.

మధ్యాహ్నం నుంచి కాగితాలు. పేర్లు, ఖాతా నంబర్లు నల్లగా కొట్టేసిన జిరాక్సులు ముందే సిద్ధం చేసుకోండి: స్వయం సహాయక సంఘం (డ్వాక్రా) తీర్మానాల పుస్తకం, పొదుపు ఖాతా, అప్పు ఖాతా బ్యాంకు స్టేట్‌మెంట్లు, సభ్యురాలి పాస్‌బుక్, మైక్రోఫైనాన్స్ (పేద ఇళ్లకు చిన్న అప్పులిచ్చే కంపెనీల) లోన్ కార్డు. నలుగురికో సెట్టు. ఇవ్వాల్సిన పని ఒక్కటే: మంజూరైన మొత్తంలో ఒక సభ్యురాలి చేతికి ఎంత వచ్చిందో తేల్చడం.

అసలు వార్త ఇక్కడే ఉంటుంది. పది మంది ఉన్న సంఘానికి లింకేజీ (సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చే అప్పు) కింద 10 లక్షలు మంజూరైందనుకోండి. పాత అప్పులో మిగిలిన 3.2 లక్షలు అదే రోజు మూసేశారు. కొత్తగా వచ్చింది 6.8 లక్షలు, మనిషికి 68 వేలు. సభలో పట్టుకున్న మెగా చెక్కు మీద మాత్రం 10 లక్షలే ఉంటుంది. ఆ 68 వేలైనా అందరికీ సమానంగా అందిందా? తీర్మానంలో సమానంగానే రాస్తారు. బ్యాంకు నుంచి డబ్బు కదిలిన తేదీ, సభ్యుల పాస్‌బుక్కుల్లో పడిన తేదీ పక్కపక్కన పెడితే లీడరు ఇద్దరి ముగ్గురి వాటా వాడుకున్నదీ, ఒకామె పేరు మీద మరొకరు కడుతున్నదీ బయటపడతాయి. బయటపడ్డ ప్రతిదీ మోసం కాదని కూడా చెప్పండి. అవసరం లేని ఆమె తన వాటాను చెల్లెలికి ఇచ్చి ఉండొచ్చు. వాటా వదులుకున్నామె నోట వినకుండా ‘కాజేశారు’ అని రాయకూడదు.

నియమాలు కొన్నే నేర్పండి, అవి కచ్చితంగా నేర్పండి. స్వయం సహాయక సంఘానికి 10 లక్షల దాకా బ్యాంకు ఎలాంటి హామీ అడగకూడదు, సంఘం పొదుపు ఖాతాను పట్టి ఉంచకూడదు, అప్పిస్తాం గానీ డిపాజిట్ చేయండి అనకూడదు. గ్రామీణ సంఘాలకు 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం. వడ్డీ లేని రుణం, సున్నా వడ్డీ అన్న చోట విలేకరులు తరచూ బోల్తా పడతారు. సంఘం ముందు వడ్డీతో సహా కట్టాలి, గడువులోపు కట్టినవాళ్లకే ప్రభుత్వం ఆ వడ్డీని తర్వాత తిరిగి జమ చేస్తుంది. కాబట్టి అడగాల్సింది పథకం ఉందా లేదా అని కాదు, ‘చివరిసారి వడ్డీ డబ్బు ఖాతాలో ఏ తేదీన పడింది?’ అని. జవాబు స్టేట్‌మెంట్‌లో ఒక వరుసలో దొరుకుతుంది.

మైక్రోఫైనాన్స్ విషయంలో కొంచెం చరిత్ర తప్పదు. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ కంపెనీల వసూళ్లను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, మరుసటేడాది అది చట్టమైంది. దాంతో అప్పట్లో వారం కిస్తీలు పోయి నెల కిస్తీలు వచ్చాయి. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు ఈ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. పాత చట్టాన్నే చూపిస్తూ ఇవాళ్టి వార్త రాస్తే తప్పు వస్తుంది. ఇప్పుడు చూడాల్సినవి రిజర్వు బ్యాంకు 2022 నిబంధనలు: ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇంటికి, హామీ లేకుండా ఇచ్చేదే మైక్రోఫైనాన్స్ అప్పు. ఇంటి మొత్తం కిస్తీలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా లేదు. ఖర్చులన్నీ చూపే వివరపత్రం ఆమెకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదు. వడ్డీ మీద గరిష్ఠ పరిమితి మాత్రం ఈ నిబంధనల్లో లేదు. ‘పరిమితికి మించి వడ్డీ’ అని రాసే ముందు ఏ పరిమితో విలేకరి చూపించగలగాలి.

సగం ఆదాయం నియమాన్ని కాగితం మీద ఆడించండి. ఇంటి ఆదాయం నెలకు 15 వేలు అనుకుంటే కిస్తీలు 7,500 దాటకూడదు. ప్రతి సోమవారం 650, ప్రతి బుధవారం 820, డ్వాక్రాకు నెలకు 2,300, స్త్రీనిధికి (సంఘాల సభ్యులకు అప్పిచ్చే సహకార సంస్థ) నెలకు 1,100. వారం కిస్తీల మొత్తాన్ని నాలుగుతో కాదు, 4.33తో హెచ్చించాలి. మొత్తం 9,765 అవుతుంది. చీటీ పాట, చేతి బదులు ఇందులో ఇంకా కలవలేదు. క్రెడిట్ బ్యూరోలో (ఎవరికెంత అప్పుందో నమోదు చేసే సంస్థ) చేతి బదుళ్లు కనబడవు గనుక అప్పిచ్చినవాడి కాగితాల్లో ఆ లెక్క ఉండదు.

రెండో రోజు ఊరు. ఇంటికి ఇద్దరికి మించి వెళ్లకూడదు, వీలైతే అందులో ఒకరు మహిళా విలేకరి అయి ఉండాలి. సంఘం సమావేశంలో కూర్చుని అడిగితే లీడరు, వివోఏ (ఊళ్లో సంఘాల లెక్కలు రాసే సహాయకురాలు) ఎదురుగా ఎవరూ నోరు విప్పరు. ఇంటికెళితే మగవాళ్లు జవాబు చెబుతారు. రెండోసారి, పనుల నుంచి తిరిగొచ్చాక, వాకిట్లో కలవడమే దారి. ప్రశ్న వేసే తీరు మీద గంటసేపు సాధన చేయించండి. ‘అప్పులున్నాయా?’ అంటే ‘ఏం లేవయ్యా’ అంటారు. ‘ఈ వారం ఏ రోజు ఎవరికి కట్టాలి?’ అని అడిగితే సోమవారం నుంచి వరసగా చెప్పుకొస్తారు. ఆ తర్వాత: ‘పోయిన నెల కిస్తీకి డబ్బు తక్కువైతే ఎక్కడ సర్దారు?’, ‘ఈ డబ్బుతో కొన్నది ఎవరి పేరు మీద ఉంది?’ ఈ చివరి ప్రశ్నకు జవాబు ఎక్కువగా బండి ఆర్‌సీ దగ్గరో, పొలం పాస్‌బుక్ దగ్గరో తేలుతుంది.

ఖాతా ఉండటం వేరు, వాడటం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో తామే వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు 78.6 శాతం. అంతకుముందు సర్వేలో 53 శాతం. ఈ అంకె దేశం మొత్తానిది, విలేకరి మండలానిది కాదు. జిల్లా అంకెలు రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ సమావేశాల కాగితాల్లో, లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే బ్యాంకు) మేనేజరు దగ్గర దొరుకుతాయి. అక్కడ ‘ఈ ఏడాది ఇచ్చినది’, ‘బాకీ ఉన్నది’ వేర్వేరు కాలమ్‌లు. బాకీ అంకెను ఈ ఏడాది ఇచ్చిన రుణంగా రాయడం డెస్కులో కూడా జరిగే పొరపాటు. అందుకే శిక్షణకు ఒక్క సబ్ ఎడిటర్‌నైనా కూర్చోబెట్టాలి, లేకపోతే శీర్షిక దగ్గర శ్రమంతా పోతుంది.

ఎవరూ ఎత్తని ఒక మాట మీరు ఎత్తాలి. చాలా చోట్ల మండల విలేకరే ప్రకటనలు కూడా తేవాలి. ఆ ప్రకటనలిచ్చేవాళ్లలో ఫైనాన్స్ వ్యాపారులుంటారు. కొందరి ఇళ్లలో సంఘం లీడర్లుంటారు. అలాంటి కథ వస్తే పక్క మండలం విలేకరి రాసేలా మొదటి రోజే ఒప్పందం చేయించండి. ఇది నీతి పాఠంగా చెబితే ఎవరూ వినరు, పని పంపకంగా చెబితే ఒప్పుకుంటారు.

కిస్తీ తప్పినామె పేరు, ఫొటో, ఇల్లు కనబడే దృశ్యం వేయకూడదు. మర్నాటి నుంచి ఆమెకు ఊళ్లో చేబదులు పుట్టదు. పేరు తీసేసి ‘ఫలానా సంఘం రెండో లీడరు’ అని రాసినా ఊరంతా గుర్తుపడుతుంది. ఆత్మహత్య వార్తలో పద్ధతి రాయకూడదు, ఒక్క అప్పునే కారణంగా తేల్చకూడదు. కాగితాల్లో కనబడిన అప్పుల జాబితా ఇవ్వడం చాలు.

చివరి పూట ప్రతి ఇద్దరూ ఒక కథ ప్రతిపాదన రాసివ్వాలి: ఎవరి అప్పు, ఏ కాగితం, ఏ లెక్క, బ్యాంకును అడగాల్సిన ఐదు ప్రశ్నలు. ఆ ప్రశ్నలు రాతపూర్వకంగా పంపించాలి, ఎందుకంటే బ్రాంచి మేనేజరు నోటిమాటగా చెప్పింది రేపు కాదనొచ్చు. ప్రభుత్వ కార్యాలయాల నుంచి కాగితం కావాలంటే సమాచార హక్కు కింద 30 రోజులు పడుతుంది, కాబట్టి దరఖాస్తు శిక్షణ హాల్లోనే నింపించి సంతకం పెట్టించండి. ఆ తర్వాత ఆరు వారాల పాటు చిత్తుప్రతులు చదివి లెక్కలు సరిచూసే మనిషి ఒకరు ఉండాలి. బడ్జెట్‌లో దానికి డబ్బు లేకపోతే రెండో రోజు భోజనాల్లో కోసి అయినా పెట్టండి.